తెగని దారం

గాలివాన వెలిసిన మర్నాడు పొద్దున్నే చూస్తే మా ఇంటి వెనక చెట్టు కింద కాకిగూడు ఒకటి బోర్లా పడి ఉంది. కర్రతో తిప్పి చూశాను. గుడ్లు లేవు, పిల్లలు లేవు. ఆ ఏటి పిల్లలు ఎగిరిపోయి అప్పటికే రెండు వారాలు దాటింది. ఎగరడం నేర్చుకుంటూ మా పిట్టగోడ మీద అవి చేసిన గోల ఇంకా నా చెవుల్లో ఉంది. ఇక ఆ గూడుతో వాటికి పని లేదు కదా అని వరండాలోకి తెచ్చి, పాత పేపరు పరిచి, దాని మీద పెట్టుకుని ఒక్కో పుల్లా విడదీయడం మొదలుపెట్టాను.

ఒక పూటంతా పట్టింది. బయటంతా ఎండుపుల్లలు, వాటి మధ్య తుప్పు పట్టిన తీగముక్కలు నాలుగైదు. లోపలికి పోయేకొద్దీ సరుకు సన్నబడుతూ వచ్చింది: వేళ్లు, పీచు, చిక్కుపడిన వెంట్రుకల ఉండ. గుడ్లు ఉండే గిన్నెలాంటి చోటికి చేరేసరికి సగానికి సగం ప్లాస్టిక్ బస్తా పోగులే. తెల్లవి ఎక్కువ, కొన్ని లేత నీలం. పట్టుకుంటే మెత్తగా జారిపోతున్నాయి. తెంపుదామని లాగితే మాత్రం తెగలేదు, నా వేలు కోసుకుంది.

గూడు సగం విప్పినప్పుడే ఫోటో తీసి ఒక స్నేహితురాలికి పంపాను. "కాకి ఎంత తెలివైందే! ఏది దొరికితే దానితో ఇల్లు కట్టేసుకుంటుంది" అని వెంటనే జవాబు. నేనూ అంతవరకూ అలాగే అనుకునేదాన్ని. మళ్లీ గూడు దగ్గర కూర్చుని, అన్నిటికన్నా పొడుగున్న పోగును మెల్లగా లాగాను. చాచిన నా చేతికన్నా పొడుగుంది. దాని రెండో కొస ముడిపడి ఉచ్చులా బిగుసుకుపోయింది. ఆ ఉచ్చులో ఎండిపోయిన చిన్న కాలు ఒకటి ఉంది. కాకిపిల్ల కాలు. కాలు మాత్రమే.

పిట్టగోడ మీద నేను చూసిన పిల్లలు మూడు. మూడింటికీ రెండేసి కాళ్లున్నాయి. అంటే నాలుగోది ఒకటి ఉండేదన్నమాట. దాని సంగతి నాకు తెలియనే తెలియలేదు.

ఆ రోజు నుంచి "పక్షులు ఎంత తెలివిగా సర్దుకుపోతున్నాయో" అన్న మాట వింటే నాకు మనసొప్పదు. ఆ మాట అబద్ధం కాదు. పక్షి తెలివిగానే ఏరుకుంటుంది. నా బాధంతా అక్కడే. దాని తెలివిలో లోపం లేదు, దానికి దొరికిన వస్తువులో ఉంది. ప్లాస్టిక్ గూళ్ల గురించి మాట్లాడేటప్పుడు అన్ని రకాల చెత్తనూ ఒకే గాటన కట్టేస్తే అసలు ప్రాణం తీసేది ఏదో కనబడకుండా పోతుంది. ప్రాణం తీసేది దారం. పొడుగ్గా, సన్నగా ఉండి, తెగకుండా ఉండే దారం.

పక్షి గూటికి సరుకు ఎలా ఏరుకుంటుందో కొంచెం చూస్తే నేననేది అర్థమవుతుంది. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీ వాళ్లు జీబ్రా ఫించ్ అనే చిన్న పిట్టల మీద చేసిన ప్రయోగం ఒకటి 2014లో అచ్చయింది. మెత్తగా వాలిపోయే దారం, కాస్త బిరుసుగా నిలబడే దారం, రెండు రకాలు వాటి ముందు పెట్టారు. ఒకసారి గూడు కట్టిన అనుభవం వచ్చాక అవి బిరుసు దారం వైపే మొగ్గాయి. మెత్తటి దారంతో కట్టాలంటే ఎక్కువ ముక్కలు కావాలి, ఎక్కువ తిరుగుళ్లు తిరగాలి. ఆ లెక్క పిట్టకు తెలుసు. గూడల్లే జాతి పిట్టల మీద ఏళ్ల తరబడి పనిచేసిన కాలియాస్ దంపతులు ఇంకో సంగతి గమనించారు. చిన్నప్పటి నుంచీ ఆకుపోచలు అందకుండా పెరిగిన మగపిట్టకు తర్వాత ఎన్ని ఇచ్చినా అల్లడం సరిగ్గా రాదు. ముక్కుతో పట్టి, మెలిపెట్టి, తెంపి, పారేసి, మళ్లీ తెచ్చుకుంటేనే ఆ పని పట్టుబడుతుంది. గిజిగాడి గూడు చూసి ముచ్చటపడని వాళ్లుండరు. ఆ గూడు వెనక అంత సాధన ఉంది.

కాబట్టి పక్షి కళ్లు మూసుకుని చెత్త మోసుకుపోవడం లేదు. పొడుగుందా, వంగుతుందా, బరువు తక్కువేనా, గట్టిగా ఉందా అని చూసుకుంటుంది. లక్షల ఏళ్లుగా దానికి పనికొచ్చిన కొలతలు ఇవే. ఈ కొలతలన్నిటికీ అచ్చంగా సరిపోయేది ప్లాస్టిక్ దారం. పక్షి పెట్టే పరీక్షలన్నీ అది గడ్డిపోచకన్నా బాగా నెగ్గుతుంది.

గడ్డిపోచకు ఇంకో గుణం ఉంది. దాన్ని పరీక్షించాల్సిన అవసరం పక్షికి ఎన్నడూ రాలేదు. గడ్డిపోచ తెగుతుంది. ఎండితే పెళుసవుతుంది, తడిస్తే కుళ్లుతుంది, పిల్ల కాలు విదిలిస్తే పుటుక్కున విరుగుతుంది. గూడు బలం ఒక్క పోచలో ఉండదు, వందల పోచల కలయికలో ఉంటుంది. ఒక పోచ పోతే గూటికేమీ కాదు. ఆ ఒక్క పోచా తెగకుండా బిగుసుకుంటే మాత్రం పిల్ల పోతుంది. తెగడం లోపమని మనం అనుకుంటాం, తెగనిదాన్ని తయారుచేసి గొప్పగా అమ్ముకుంటాం. గూట్లో పిల్లలను ఇన్ని తరాలుగా కాపాడింది ఆ తెగే గుణమే.

అది ఎలా బిగుసుకుంటుందో కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది పక్షి ఎగురుతూ ఎగురుతూ దారంలో చిక్కుకుంటుందని అనుకుంటారు. గూట్లో జరిగేది అది కాదు. గుడ్డు పగిలి బయటికొచ్చిన కాకిపిల్ల కాలు అగ్గిపుల్లంత ఉంటుంది. ఆ కాలికి వదులుగా ఓ పోగు చుట్టుకుంటే అప్పటికి ఏమీ కాదు. పిల్లకు తెలియదు, తల్లికి కనబడదు. కానీ ఇలాంటి పిట్టల పిల్లల్లో రెక్కలకన్నా ముందు కాళ్లు ఎదుగుతాయి. గూడు వదిలే నాటికి కాలు దాదాపు పెద్ద పక్షి కాలంత అవుతుంది. పోగు మాత్రం మొదటి రోజు ఎంత చుట్టు ఉందో అంతే ఉంటుంది. రోజురోజుకూ కాలు దాని మీదికి ఒరుసుకుంటుంది. రక్తం ఆగుతుంది, పాదం వాస్తుంది, నల్లబడుతుంది. తోబుట్టువులు ఎగిరిపోయే రోజున ఈ పిల్ల కూడా గూటి అంచు మీదికి వస్తుంది. దూకుతుంది. పోగు రెండో కొస గూటి పుల్లల్లో అల్లుకుని ఉంటుంది. ఇక అక్కడే తలకిందులుగా వేలాడుతుంది. లేదా కాలు ఊడిపోతుంది. మా చెట్టు మీద జరిగింది ఏదో నాకు తెలుసు.

నాది ఒక్క గూడు. కానీ ఇది ఎక్కడో ఒకచోట జరిగిన దురదృష్టం కాదు. మనిషి చేసిన వస్తువులు గూళ్లలో కనబడిన పక్షిజాతులు 176 అని 2023లో వచ్చిన ఒక పరిశోధన లెక్కగట్టింది. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఉన్నాయట. కాకుల గురించే కావాలంటే, అమెరికాలో కాలిఫోర్నియాలోని శాక్రమెంటో లోయలో చేసిన అధ్యయనం 2014లో అచ్చయింది. చూసిన గూళ్లలో 85 శాతానికి పైగా మనిషి చేసిన సరుకుంది. 195 పిల్లలను పరిశీలిస్తే 11 చిక్కుకుని ఉన్నాయి. గూట్లో ఆ సరుకు పొడుగు పెరిగేకొద్దీ పిల్ల చిక్కుకునే ప్రమాదం పెరిగిందని వాళ్లు తేల్చారు. ఈ "పొడుగు" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. నా పేపరు మీదున్న పోగు నాకు మళ్లీ కనబడింది.

సముద్రం మీద ఇంకా ఘోరం. బ్రిటన్‌లోని వేల్స్ తీరంలో గ్రాస్‌హోమ్ అని చిన్న దీవి ఉంది, మనుషులుండరు. గానెట్ అనే తెల్లటి సముద్రపు పక్షులు అక్కడ వేల జంటలుగా గూళ్లు కడతాయి. నీటి మీద తేలే నాచును ముక్కున కరచుకొచ్చి గుట్టగా పేరుస్తాయి. ఇప్పుడు నాచుతోపాటు చేపల వలల ముక్కలు, నైలాన్ తాళ్లు కూడా నీటి మీద తేలుతున్నాయి. 2011లో అచ్చయిన లెక్క ప్రకారం అక్కడ ఒక్కో గూట్లో సగటున 470 గ్రాముల ప్లాస్టిక్ ఉంది, దీవి మొత్తం మీద 18 టన్నులకు పైమాటే. ఎనిమిదేళ్లలో 525 పక్షులు చిక్కుకుని కనబడ్డాయి, ఎక్కువ భాగం పిల్లలే. దొరికిన ప్లాస్టిక్కుల్లోనూ ఈ పక్షులు తాళ్లనే ఎక్కువగా ఏరుకుంటున్నాయని ఆ పరిశోధకులే రాశారు. ఏటా పిల్లలు ఎగిరిపోయే కాలం అయ్యాక, అక్టోబరు ప్రాంతంలో, కొందరు పడవ వేసుకుని ఆ దీవికి వెళతారు. కాళ్లు కట్టుబడి ఎగరలేక మిగిలిపోయిన పక్షులను ఒక్కొక్కదాన్నీ పట్టుకుని తాళ్లు కోసి వదులుతారు. ఆ పని చేసేవాళ్లంటే నాకు ఎంతో గౌరవం. వాళ్లు మళ్లీ ఏడాది కూడా వెళ్లాల్సి వస్తోందని తలుచుకుంటే అంత బాధ.

ఇప్పుడు అవతలి వాదన. దాన్ని తేలిగ్గా తీసేయడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే అందులో నిజంగా ఆశ్చర్యపరిచే సంగతులున్నాయి.

స్పెయిన్‌లోని దొన్యానా నేషనల్ పార్కులో నల్ల గద్దలున్నాయి. అవి గుడ్లు పెట్టడానికి కొద్దిరోజుల ముందు గూటిని తెల్లటి ప్లాస్టిక్ ముక్కలతో అలంకరిస్తాయి. అలంకారమంటే అందానికి కాదని 2011లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది. ఎక్కువ తెలుపు పరిచిన గద్దలు మంచి జాగాలో ఉన్నవి, పోట్లాటలో గట్టివి. ఏడు నుంచి పన్నెండేళ్ల వయసులో, అంటే మంచి బలమున్న రోజుల్లో, ఎక్కువగా పరుస్తాయి. మరీ చిన్నవీ మరీ ముసలివీ తక్కువ పరుస్తాయి, లేదా అసలు పరచవు. "ఇది నా చోటు, జోలికి రావద్దు" అని పక్క గద్దలకు దూరం నుంచే తెలిసేలా పెట్టిన బోర్డు అది. పరిశోధకులు కొన్ని గూళ్లలో అదనంగా తెల్ల ప్లాస్టిక్ పెట్టి చూశారు. మిగతా గద్దలు ఆ గూళ్ల మీదికి ఎక్కువగా దాడికి వచ్చాయి. తాహతుకు మించిన బోర్డు పెడితే "చూద్దాం రా" అని వస్తారు కదా. అప్పుడు ఆ గూటి గద్దలు ఏం చేశాయంటే, పెట్టిన అదనపు ప్లాస్టిక్కును అవే తీసి పారేశాయి. ఇది చదివినప్పుడు నేను చాలాసేపు వేరే పని చేయలేకపోయాను. మనం పారేసిన సంచిముక్క ఒక గద్ద నోట నిజం చెప్పే మాటగా మారిందంటే, అది చిన్న విషయం కాదు.

మెక్సికో సిటీలో పిచ్చుకలు, ఫించ్ పిట్టలు సిగరెట్ పీకలను చీల్చి గూట్లో పరుస్తాయి. సిగరెట్ ఫిల్టర్ దూదిలా కనబడుతుంది గానీ అది సెల్యులోజ్ అసిటేట్ అనే ఒక రకం ప్లాస్టిక్. గూట్లో ఆ పీచు ఎంత ఎక్కువుంటే పిల్లల రక్తం తాగే పురుగులు అంత తక్కువున్నాయని 2013లో తేలింది. పీకల్లో మిగిలిన నికోటిన్ పురుగులను తరిమేస్తోంది. తర్వాత అదే బృందం ఫించ్ గూళ్లలో బతికున్న పిడుదులను వదిలితే, ఆ పిట్టలు ఇంకా ఎక్కువ పీకలు తెచ్చుకున్నాయి. మందు వేసుకోవడం లాంటిదే. కానీ ఆ కథ అక్కడితో ఆగలేదు. పీకలు ఎక్కువున్న గూళ్లలోని పిల్లల ఎర్ర రక్తకణాలు చూస్తే క్రోమోజోముల్లో దెబ్బలు ఎక్కువ కనబడ్డాయి. పురుగు పోయింది, విషం మిగిలింది.

ఇక ఆమ్‌స్టర్‌డామ్ కాలువల్లో కూట్ అని నల్లటి నీటిపక్షి, నుదుటి మీద తెల్ల పట్టీ ఉంటుంది. మామూలుగా ఇది నీటిమొక్కలతో గూడు కడుతుంది, అవి కుళ్లిపోతాయి కాబట్టి ఏటా కొత్తగా కట్టుకోవాలి. నగరం నడిబొడ్డున రోకిన్ అనే చోట దొరికిన ఒక గూట్లో మాత్రం మనిషి చేసిన వస్తువులు 635 ఉన్నాయి. ప్లాస్టిక్ కుళ్లదు కాబట్టి ఒక ఏటి గూటి మీద ఇంకో ఏటి గూడు పేరుకుంటూ పోయింది. ఔకె-ఫ్లోరియాన్ హీమ్‌స్ట్రా అనే జీవశాస్త్రవేత్త, ఆయన బృందం దాన్ని పొరపొరగా విప్పి, ప్యాకెట్ల మీది తేదీలు చూసి వయసు కట్టారు. పైపొరలో కరోనా నాటి మాస్కులు. అడుగున 1994 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ప్రచారం ఉన్న మార్స్ చాక్లెట్ రేపరు. ఈ పరిశోధన 2025లో వచ్చినప్పుడు ఆ ఫోటోలు అందరూ తెగ పంచుకున్నారు. నాకూ ముచ్చటేసింది. పెంకుల గుట్టలు తవ్వి పాత కాలం మనుషుల తిండి కనుక్కున్నట్టు, ఒక పక్షి గూడు విప్పి ముప్పై ఏళ్ల మన చెత్త చదువుకోవచ్చు.

ఈ మూడు కథలూ నాకు కాదనలేనివే. గద్దకు ప్లాస్టిక్ ఉపయోగపడింది, కూట్‌కు గూడు కట్టే శ్రమ తప్పి ఉండొచ్చు. కానీ ఒకటి గమనించండి. గద్ద పరిచింది సంచి ముక్కలు, కూట్ పేర్చినవాటిలో రేపర్లు, మాస్కులు. రేపరు కాలికి చుట్టుకోదు. అదే మాస్కుకు రెండు వైపులా ఉండే సాగే దారం చుట్టుకుంటుంది. ఒకే వస్తువులో ఒక భాగం పరుపవుతుంది, ఇంకో భాగం ఉచ్చవుతుంది. కాబట్టి "గూట్లో ప్లాస్టిక్ మంచిదా చెడ్డదా" అని అడగడం దండగ. ఏ ప్లాస్టిక్, ఎంత పొడుగు, లాగితే తెగుతుందా లేదా అని అడగాలి.

ఈ మాట నేను ఫోటో పంపిన స్నేహితురాలికే చెప్పాను. తను వెంటనే "నువ్వు కత్తెర పట్టుకుని దారాలు కత్తిరిస్తూ కూర్చుంటే ప్లాస్టిక్ ఆగుతుందా? అసలు తయారీ తగ్గించమని అడగాలి గానీ" అంది. న్యాయమైన మాటే. తయారీ తగ్గాలి, అందులో నాకు రెండో ఆలోచన లేదు. కానీ తగ్గేదాకా వచ్చే ఏటి పిల్లలు ఆగవు కదా. పైగా మొత్తం ప్లాస్టిక్ అన్నప్పుడు ఎవరికీ ఏం చేయాలో తోచదు, దారం అన్నప్పుడు తోస్తుంది. ఓడల నుంచి సముద్రంలోకి ప్లాస్టిక్ పారేయకూడదన్న మార్పోల్ అనే అంతర్జాతీయ ఒప్పందపు నిబంధన 1988 డిసెంబరు 31 నుంచి అమల్లో ఉంది. గ్రాస్‌హోమ్ లెక్క వచ్చింది దాని తర్వాత ఇరవై రెండేళ్లకు పైనే. పెద్ద నిబంధన ఉండాలి, నేను కాదనను. దానితోపాటు తెగిన వల ముక్కను పడవలోనే ఉంచుకుని ఒడ్డుకు తెచ్చే చెయ్యి కూడా ఉండాలి.

గడ్డిమోపులు కట్టే యంత్రాల పురికొస సంగతే చూడండి. ఒకప్పుడు అది కలబందలాంటి మొక్క నారతో, సైసల్‌తో ఉండేది. నేల మీద పడితే కుళ్లిపోయేది. దాని చోటును పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పురికొస చాలావరకు ఆక్రమించింది. ఎండకు పెళుసెక్కకుండా దానిలో ప్రత్యేకంగా రసాయనాలు కూడా కలుపుతారు. అమెరికాలోని మోంటానాలో చేపలు పట్టుకు తినే ఆస్ప్రే గద్దలు ఈ పురికొసను పొలాల నుంచి గూళ్లకు మోసుకుపోతాయి, వాటి పిల్లలు అందులోనే చిక్కి చస్తున్నాయి. పొలంలో పడ్డ ప్రతి పురికొసా ఏరేయండని అక్కడి జీవశాస్త్రవేత్తలు రైతులను అడుగుతున్నారు. నా ప్రశ్న ఇంకొంచెం వెనక్కి పోతుంది. ఒక్కసారి కట్టి, ఒక్కసారి కోసి పారేసే దారానికి ఏళ్ల తరబడి తెగని బలం ఎందుకు? బస్తా మూతి కుట్టే దారం ఆ బస్తా విప్పేదాకా ఉంటే చాలదా? తయారీదారులను ఇది అడగాలి. నూలు దారం, నార తాడు ఉన్నవే, కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు.

ఇంకో మాట, ప్రేమకొద్దీ తప్పు చేసేవాళ్ల కోసం. పిట్టలు గూళ్లు కట్టే కాలంలో కొందరు ఊలు దారాలు, రంగు రంగుల నూలు పోగులు, దువ్వెనలో వచ్చిన తల వెంట్రుకలు కిటికీకి వేలాడదీస్తారు. దయచేసి అది చేయకండి. మనిషి వెంట్రుక కూడా పిట్టపిల్ల కాలికి దారమే, అదీ అంత తేలిగ్గా తెగదు. నిజంగా ఏమైనా ఇవ్వాలనిపిస్తే ఎండుటాకులను, ఎండుగడ్డిని, రాలిన పుల్లలను ఊడ్చి పారేయకుండా ఒక మూల వదిలేయండి, చాలు. అలాగే గూట్లో ప్లాస్టిక్ కనబడిందని గుడ్లో పిల్లలో ఉండగా చెయ్యి పెట్టి లాగొద్దు. ఆ పోగు గూటి పుల్లల్లో అల్లుకుని ఉంటుంది, దాన్ని లాగితే గూడే జారిపోవచ్చు. పిల్ల వేలాడుతూ కనబడితే మీరే పైకెక్కి లాగకుండా పక్షులను కాపాడటం తెలిసినవాళ్లను పిలవండి. అది తాడును కోసి తీయాల్సిన పని, లాగి తీసేది కాదు.

మా ఇంట్లో ఇప్పుడు చేసేది ఇంతే. బస్తా వచ్చిన రోజున అమ్మ మూతి కుట్టు విప్పుతుంది. సరైన కొస దొరికితే ఒక్క లాగుతో మొత్తం దారం సర్రున ఊడి వచ్చేస్తుంది, మీరూ చూసే ఉంటారు. వెనకటికి దాన్ని పెరట్లోకి విసిరేసేవాళ్లం, లేదా దేనికైనా కట్టుకోవడానికి గోడ మేకుకు తగిలించేవాళ్లం. అంచులు పీచులై పోగులు రాలే పాత బస్తాలు కొన్నేళ్లుగా మెట్ల కింద పడి ఉండేవి. కాకికి సరుకు అక్కడి నుంచే అందిందని గూడు విప్పిన రోజే నాకు అర్థమైంది. ఆ లేత నీలం పోగులు మా బస్తాలవే. ఇప్పుడు అమ్మ ఆ దారాన్ని బారెడు కూడా ఉంచదు. నాలుగు మడతలు పెట్టి, వేలి పొడుగు ముక్కలుగా కత్తిరించి, మూత బిగించిన డబ్బాలో వేస్తుంది. మెట్ల కింద బస్తాలన్నీ చుట్టి లోపల పెట్టేశాం.

ఈ ఏడు కాకులు మళ్లీ అదే కొమ్మ మీద మొదలుపెట్టాయి. పొద్దున్నే వరండాలో కూర్చుంటే కనబడుతుంది. నిన్న ఒకటి పిట్టగోడ మీద వాలి, మెట్ల వైపు తల వంచి చాలాసేపు చూసింది. కిందికి దిగింది, బస్తాలుండే చోట అటూ ఇటూ నడిచింది. తర్వాత గోడవారకు పోయి, మొక్కల మధ్య ఎండిన తీగ ఒకటి పట్టి లాగింది. రాలేదు. కాలు అదిమిపెట్టి మళ్లీ లాగింది. మధ్యకు తెగింది. ఆ ముక్కను ముక్కున పెట్టుకుని చెట్టెక్కింది.